తోపుడు బండి మీద కెమెరా

ఆ ఎండాకాలమంతా నేను చెంబు నిండా నీళ్ళు రెండు చేతులా పట్టుకుని మా మిద్దె మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. చుక్క ఒలకకూడదు. మోకాళ్ళు కొంచెం వంచి, ముందు మడమ ఆనించి, తర్వాత వేళ్ళు. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి మా అమ్మనే అడిగేసింది.

"లక్ష్మమ్మా, మీ పాప ఏ దేవునికి మొక్కుకోనుండాది?"

"సినిమా దేవునికి," అంది అమ్మ. "పెండ్లి మాట ఎత్తితే చాలు, చెంబు ఎత్తుకుంటాది."

వారమంతా ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఆఫీసులో కూర్చుని ఎవరెవరి క్రెడిట్ కార్డుల గొడవలకో ఫోనులో జవాబు చెప్పేదాన్ని. శనివారం వస్తే మా హెబ్బగోడిలో బస్సెక్కి గాంధీనగర్ వెళ్ళి, ఒక బేకరీ పైన మేడలో సినిమా డైరెక్షన్ నేర్చుకునేదాన్ని. చేతిలో కెమెరా ఉన్నప్పుడు ఒళ్ళు ఊగకుండా నడవడానికే ఈ చెంబు కసరత్తు. చెప్పింది గురుమూర్తి సారు. పాతకాలం కెమెరామన్. క్లాసులో కన్నడ, కోపం వస్తే ఇంగ్లీషు, నాతో మాత్రం తెలుగు. ఆయన వాళ్ళూ మాలాగే తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్నవాళ్ళే.

మొదటి రోజే ఆయన మా జూమ్ లెన్సు చుట్టూ ప్లాస్టర్ అంటించేశాడు. "దగ్గరికి కావాలంటే కాళ్ళుండాయి గదా, పోండి," అన్నాడు. తర్వాత నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఇరవై నాలుగు ఎమ్మెమ్ లెన్సు పెట్టి, కెమెరాను నా ముక్కుకు తగిలేంత దగ్గరికి తెచ్చి ఒక ఫొటో తీశాడు. అందులో ముందు నా ముక్కు వచ్చింది, వెనకాల నింపాదిగా నేను వచ్చాను. క్లాసంతా నవ్వింది. రెండోసారి ఎనభై అయిదు లెన్సు పెట్టి గది అవతలి గోడ దాకా వెళ్ళి తీశాడు. ఈసారి నేను బాగానే ఉన్నాను గానీ, రోడ్డు అవతలి లాడ్జి బోర్డూ, బస్టాండూ వచ్చి నా వీపు మీద కూర్చున్నాయి. మనిషి ఒకటే, కిటికీ ఒకటే. నిలబడిన చోటు మారితే లోకమే మారిపోయింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ, డ్రైవరునూ కండక్టరునూ నిద్రపోతున్న ముసలావిడనూ ఏ లెన్సులో చూడాలా అని నా తల తిరిగిపోయింది. అంత సంతోషం నాకు ఆ తర్వాత సినిమా సెట్ల మీద కూడా తక్కువసార్లే దొరికింది.

కోర్సు చివర మేము తీయవలసిన పరీక్ష చాలా చిన్నది. ఒక్క సీను, ఒక్క షాటు, ఒక్క లెన్సు. కెమెరా ఒక్కసారే కదలాలి. "యాల కదిలిందో కారణం చెప్పాల," అన్నాడు సారు. "బాగుంటాదని కదిలిస్తే మార్కులు గోవిందా." నాతోటి పిల్లలు కాఫీ షాపులూ, ప్రేమికుల విడిపోవడాలూ రాసుకున్నారు. నాకు అంత దూరం వెళ్ళే అవసరం రాలేదు. మా ఇంట్లోనే ఒక రాజు ఉన్నాడు.

మా నాయన పేరు వెంకటేశప్ప. పగలు జిగణిలో గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టేవాడు. ప్రతి ఏడూ శివరాత్రి దాటాక ఆదివారాల్లో, మా వీధి వెనక ఖాళీ గోడౌనులో జరిగే నాటకం రిహార్సళ్ళలో రాజు. లేతు మిషను పనివాళ్ళూ, ఆటో తోలేవాళ్ళూ, అపార్ట్‌మెంట్ల ముందు సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్ళూ కలిసి జాతరకు వేసే పౌరాణికం అది. హార్మోనియం వాయించే కదిరప్ప మాస్టరే అన్నీ నేర్పేవాడు. ఎవరు ఏ వేషం కట్టాలో కూడా ఆయనే చెప్పాలి. ఈ నాటకంలో రాజు కొలువును వదిలి అడవికి పోయే సీనొకటుంది. అక్కడ పెద్ద పద్యం, పద్యం చివర దాని తాతలాంటి రాగం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రాగం మా నాయనదే.

కిందటి ఏడు జాతరలో జనం "వన్స్ మోర్" అని ఈలలు వేశారు. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడి తీరాలి, నాటకాల్లో అదే పద్ధతి. నాయన రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ గోడౌనులో గుసగుసలు మొదలయ్యాయి. ఈసారి రాజు వేషం మునిస్వామికి ఇవ్వాలని కుర్రకారు మాట. మునిస్వామిది మంత్రి వేషం. హెబ్బగోడి పీజీ హాస్టళ్ళ సందుల్లో తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతాడు. రోజంతా టమోటా, బీన్స్ అని అరిచినా సాయంత్రానికి అతని గొంతు చెక్కుచెదరదు. నాయన ఎదుట ఎవరూ ఏమీ అనలేదు. కదిరప్ప మాస్టరు అసలే అనలేదు.

నేను ఒక ఆదివారం గోడౌనుకు వెళ్ళి ఆ సీను నా సినిమాకు కావాలన్నాను. మా దగ్గర ఉండేది ఒక్కటే మైకు, హార్మోనియం మోగితే పద్యం వినబడదు, కాబట్టి వట్టి గొంతుతో పాడాలన్నాను.

మాస్టరు వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఆగిపోయాయి. "హార్మోనియం లేకుండానేనా పాపా?"

"ఆ పాప అడిగినట్లే కానీ మాస్టరూ," అన్నాడు నాయన.

మాస్టరు ముఖం ఎందుకు అలా అయిందో నాకు తర్వాతి ఆదివారం తెలిసింది. చూసుకోమ్మా అని సారు ఎనభై అయిదు లెన్సున్న పాత కెమెరా ఒకటి ఇచ్చి పంపాడు. గోడౌను తలుపు దగ్గర నిలబడి, అంత దూరం నుంచి నాయన ముఖం పట్టుకున్నాను. ఇరవై మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా నేను చూడనిది చూశాను. పద్యం మధ్యలో ఆయన ఠీవిగా సింహాసనం వైపు తిరుగుతాడు. జనం అది రాజసం అనుకుంటారు. ఆయన తిరిగేది గాలి కోసం. మెడ నరాలు తాళ్ళలా లేచేవి. రాగం పైకి పోయే చోట పెదవులు తెరిచే ఉంటాయి గానీ లోపలి నుంచి ఏమీ రాదు. ఆ జాగాను కదిరప్ప మాస్టరు హార్మోనియంతో నింపేస్తున్నాడు. వేలితో అదే స్వరం పట్టి లాగి, నాయనకు ఊపిరి అందగానే మెల్లగా వదిలేస్తున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

నేను కెమెరా దించేశాను. తలుపు సందులోంచి దొంగచాటుగా చూసినట్టు అనిపించింది.

ఇంటికి వచ్చి సంగటి కెలుకుతున్న అమ్మ పక్కన కూర్చున్నాను. "అమ్మా, నాయనకు ఊపిరి..." అని ఆగాను.

అమ్మ కెలకడం ఆపలేదు. "ఇన్నేండ్లుగా పక్కలో పండుకుంటా ఉండా. నాకి తెలీదా? రాయి దుమ్ము పోయి లోపల కూర్చోనుండాది. డాక్టరు పాడద్దని రెండేండ్ల కిందే చెప్పె."

"మరి నువ్వెందుకు చెప్పవు?"

"ఏమని చెప్పేది? పొద్దంతా ఆ దుమ్ములో ఎవురికీ కనబడకుండా ఉంటాడు. ఏడాదికి ఒక దినం నలుగురికీ కనిపిస్తాడు. అది కూడా వద్దని నేను చెప్పాల్నా? తట్టలు పెట్టు, పో."

ఆ రాత్రి భోజనాల దగ్గర, హార్మోనియం పెట్టుకుందాం నాయనా, సౌండు సంగతి ఎట్లో చూసుకుంటా అన్నాను. ఆయన ముద్ద మింగి నా వైపు చూశాడు. నేను ఏం చూశానో ఆయనకు తెలిసిపోయింది.

"వద్దు," అన్నాడు. "మాస్టరుకు చెప్పినా నేను. పాప సినిమాలో వట్టి గొంతుతో పాడతా. రాగం నిండుగా వచ్చిందా, జాతరలో రాజు నేనే. రాలేదా, మునిస్వామి కట్టుకోనీ. మాస్టరు ఇంకెన్ని దినాలు నన్ను మోస్తాడు, పాపం. ఆయనకీ వేళ్ళు నొస్తాయి గదా."

అంటే నా పరీక్ష కాస్తా ఆయన పరీక్ష అయిపోయింది. అమ్మ ఆయనకు ఇంకో ముద్ద పెట్టింది.

లెన్సు దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. మనిషి ముఖం కదా, ఎనభై అయిదు అయితే బాగా వస్తాది అన్నాడు గురుమూర్తి సారు. ముప్పై అయిదు కావాలి సార్ అన్నాను. అది పెడితే నేను ఆయన దగ్గరికి పోవలసిందే. ఆయనకు తెలిసేలా, ఎదురుగా పోవాలి. కదలడానికి కారణం కూడా చెప్పాను. కొలువులోని వాళ్ళందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోతారు, అప్పుడు కెమెరా ఒక్కటే రాజు దగ్గరికి వస్తుంది. రాగం ముగిసేసరికి ముఖం మాత్రమే మిగలాలి. సారు గడ్డం గోక్కుని, "ట్రాలీ యాడ తెస్తావు?" అన్నాడు.

ట్రాలీ మునిస్వామి దగ్గర ఉంది. గోడౌను వెనక ఖాళీ సైటులో సెంట్రింగు పలకలు దారిగా పరిచి, అతని తోపుడు బండి మీద స్టాండు బిగించి, కుదుపు తగ్గాలని టైర్లలో కొంచెం గాలి తీశాం. తోయడానికి నాతోటి స్టూడెంటు భరత్ ముందుకు వచ్చాడు. మునిస్వామి ఒప్పుకోలేదు.

"నా బండి ఎడమ పక్కకు లాగుతాదప్పా. దాని బుద్ధి నాకే తెలుసు. నేనే తోస్తా," అన్నాడు.

నాయన వేషం సగంలో ఉన్నాడు. ఆ మాట విని ఒక క్షణం అతని వైపు చూసి, "తోయనీలే," అన్నాడు. రాజు వేషం కోసం ఎదురుచూస్తున్నవాడే రాజును సినిమా తీసే బండి తోస్తున్నాడని కుర్రాళ్ళు గోడ మీద కూర్చుని పళ్ళికిలించారు. మునిస్వామి చెవులు ఎర్రబడ్డాయి.

నాయనతో నా గొడవ నాకుంది. ముఖానికి గులాబీ రంగు దట్టంగా పూసుకున్నాడు.

"ఇంత రంగు వద్దు నాయనా. కెమెరాకు అంతా తెలిసిపోతుంది."

"రంగు లేకుంటే రాజు ఎట్లయితాడే? వెంకటేశప్ప అయితాడు."

సగం తుడిపించాను. ఎండ వాలింది. సైటు అవతల కొత్త అపార్ట్‌మెంట్లు ఈ లెన్సులో చిన్నవై దూరంగా జరిగిపోయాయి. మధ్యలో ఎర్రమట్టి, దాని మీద పట్టు గుడ్డ కప్పిన కుర్చీ, కుర్చీ ముందు కిరీటం పెట్టుకున్న మా నాయన. కదిరప్ప మాస్టరు హార్మోనియం ఇంట్లోనే పెట్టి వచ్చాడు. ఒడిలో చేతులు ఏం చేసుకోవాలో తెలియక కూర్చున్నాడు. అమ్మ గోడౌను నీడలో నిలబడింది. నేను బండి మీద కూర్చుని, నా వెనక మునిస్వామి పిడి పట్టుకోగానే, "యాక్షన్" అన్నాను. మా నాయనతో అలా అనడానికి నాకు సిగ్గేసింది.

కొలువు వాళ్ళు ఒక్కొక్కరే ఫ్రేములోంచి వెళ్ళిపోయారు. పద్యం మొదలైంది. బండి కదిలింది. మునిస్వామి ఎంత మెత్తగా తోశాడో చెప్పలేను, పాలగిన్నె పెట్టినా తొణికేది కాదు. పద్యం మొదటి రెండు పాదాలూ నాయన వట్టి గొంతుతో నిలబెట్టాడు. మూడో పాదంలో కుర్చీ వైపు తిరిగాడు, గాలి తీసుకున్నాడు, నాకు తెలుసు. నాలుగో పాదం అయింది. రాగం ఎత్తుకున్నాడు. కుడి చెయ్యి పైకి లేచింది. రాగం మొదటి మలుపు తిరిగింది, రెండో మలుపు ఎక్కబోయింది, ఆగిపోయింది.

నోరు తెరిచే ఉంది. చెయ్యి గాలిలోనే ఉంది. దూరంగా ఎక్కడో కాంక్రీటు మిషను తిరుగుతున్న శబ్దం ఒక్కటే వినబడుతోంది. కట్ చెప్పాలని నాకు తెలుసు. చెప్పలేదు. నాయన కళ్ళలో భయం చూశాను, నాకు ఏడుపు వచ్చింది.

బండి ఆగింది. నా తల వెనక నుంచి మునిస్వామి ఆ రాగాన్ని అందుకున్నాడు. నాయన వదిలిన చోటే, అదే ఎత్తులో. ఆ రాగం అదురు పిడిలోంచి బండి చెక్కలోకి, చెక్కలోంచి నా ఒంట్లోకి వచ్చింది. అతను అది కావాలని చేయలేదు. ఆ పద్యాన్ని ఎన్ని నెలలుగా లోపల్లోపల పాడుకుంటున్నాడో, పడిపోతున్న గ్లాసును పట్టుకోవడానికి చెయ్యి దానంతట అదే పోయినట్టు గొంతు పోయింది. పాడుతూ తోయడం మర్చిపోయాడు.

ఫ్రేములో నాయన కళ్ళు నా తల మీదుగా పైకి లేచాయి. నోరు మెల్లగా మూసుకున్నాడు. గాలిలో ఉన్న చెయ్యి దించలేదు. ఆ చెయ్యి రాగంతో పాటు కదలడం మొదలుపెట్టింది. ఇక్కడ ఎక్కు, ఇక్కడ నిలుపు, ఇప్పుడు దిగు. మునిస్వామి ఆ చేతిని చూస్తూ ఎక్కాడు, నిలిపాడు, దిగాడు. నేను దగ్గరికి పోయి ముఖం మాత్రమే తీయాలనుకున్నాను. బండి సగం దారిలోనే నిలబడినందువల్ల ఆ చెయ్యంతా నా షాటులో ఉంది.

రాగం ముగిసింది. కెమెరా ఇక రాదని నాయనకు అర్థమైనట్టుంది, ఆయనే నడిచి వచ్చాడు. లెన్సులో కిరీటం పెద్దదైంది, రంగు చెమటకు చారలు కట్టిన ముఖం పెద్దదైంది, మసకబారింది, నా పక్క నుంచి వెళ్ళిపోయింది. ఫ్రేములో కుర్చీ, ఎర్రమట్టి మిగిలాయి. నేను కెమెరా ఆపలేదు.

"తప్పయ్యిందన్నా," అంటున్నాడు మునిస్వామి నా వెనక. "నోరు ఆగలేదు. పాప సినిమా చెడగొట్టేస్తి."

నాయన కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "చివర జాస్తి లాగినావు," అన్నాడు. "జాతరలో అంత లాగద్దు. తెల్లవార్లూ పాడాల, గొంతు పోతాది."

అంతే. గోడ మీది కుర్రాళ్ళు కూడా దిగి నిలబడ్డారు. కదిరప్ప మాస్టరు కండువాతో ముఖం తుడుచుకుని, పలకలు ఏరడానికి లేచాడు. మునిస్వామి వంగి నాయన కాళ్ళు ముట్టుకోబోతే, "సుమ్నె, ఊరికే ఉండప్పా, గలాటా చెయ్యద్దు," అని నాయన అతని భుజం పట్టుకుని ఆపాడు. ఆ భుజాన్నే ఆనుకుని గోడౌను దాకా నడిచాడు.

క్లాసులో గురుమూర్తి సారు ఆ షాటు చూసి, "ట్రాలీ యాల ఆగింది?" అన్నాడు.

"తోసేవాడు పాడటం మొదలుపెట్టాడు సార్."

"ఇంకో టేకు తీసుకోవాల్సింది."

"అడగబుద్ధి కాలేదు సార్."

అనుకున్న చోటికి కెమెరా చేరలేదని మార్కులు కోశాడు. కోసి, లైటార్పి, మళ్ళీ మొదటి నుంచి వేయమన్నాడు. ఇప్పుడు అసిస్టెంటు డైరెక్టరుగా ఎన్నో ఖరీదైన ట్రాలీల పక్కన నిలబడుతున్నాను. ఆ తోపుడు బండి అంత మెత్తగా కదిలినదాన్ని చూడలేదు. ఇది అభిమానంతో అంటున్న మాటే, లెక్క కట్టి చెప్పింది కాదు.

జాతర దాకా మునిస్వామి రోజూ చీకటి పడే వేళకు, అమ్ముడుపోని ఆకుకూర కట్టలతో మా ఇంటికి వచ్చేవాడు. నాయన గొంతు విప్పకుండా చేత్తోనే నేర్పేవాడు. అతను వెళ్ళిపోయాక మాత్రం గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే కసురుకునేవాడు. "బేజారయ్యిండాది, వదిలేయి," అనేది అమ్మ.

జాతర సాయంత్రం తలనొప్పి, నేను రాను అన్నాడు. అమ్మ బతిమాలలేదు. పట్టుచీర కట్టుకుని, చాప చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"నేను లేంది ఏముందని పోతావు?" అన్నాడు నాయన.

"నాటకం ఉండాది గదా," అంది అమ్మ.

మేము వీధి మలుపు తిరిగేలోగా వెనక చెప్పుల చప్పుడు వినబడింది. నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి అమ్మ చంకలోని చాప తీసుకున్నాడు.

జనం మధ్యలో చాప పరుచుకుని కూర్చున్నాం. పోయిన ఏళ్ళలో అమ్మ స్టేజీ పక్కన మూలగా, నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని, రాజు ఎప్పుడొస్తాడా, పద్యం గండం ఎప్పుడు గడుస్తుందా అని కొంగు పిడికిట్లో బిగించి కూర్చునేది. ఈసారి బఠాణీలు కొనుక్కుంది. మునిస్వామి రాజుగా రాగానే నాయన చెయ్యి మోకాలి మీద మెల్లగా కదిలింది. నేను ఆయన వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

తర్వాత రాజుగారి చెలికాడు వచ్చాడు. ఆటో తోలే మనిషి ఆ వేషం కడతాడు. చీకట్లో దండం రాజుకు పెట్టబోయి ద్వారపాలకుడికి పెట్టి, వరం కోరుకుని, వాడు ఇవ్వనంటే పోట్లాటకు దిగుతాడు. అమ్మ నవ్వింది. ముందు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత బఠాణీల పొట్లం పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. అమ్మ అలా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు.

"ఇది బాగుండాదే," అంది కళ్ళు తుడుచుకుంటూ, నాయన వైపు తిరిగి. "ఎప్పుడు చేర్చినారు?"

నాయన ఆమె ముఖం వైపు చాలాసేపు చూశాడు.

"మొదటి ఏడు నుంచి ఉండాది," అన్నాడు.